పక్కపాపిడి పుర్రె

మా చింతలరేవు బజారు వీధిలో, నా పిండిమర పక్కనే కరెంటు వాళ్ళ ట్రాన్స్‌ఫార్మరు ఉంది. దాని మీద అపాయం బోర్డులో ఉన్న పుర్రెకి పక్కపాపిడి తీసి ఉంటుంది. కొత్తవాళ్ళకి ఇది వింతగా ఉంటుంది గాని, ఆ పుర్రె వేసిన సుభానీని ఎరిగినవాళ్ళకి ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు.

సుభానీ మా ఊళ్ళో బోర్డులు రాస్తాడు. కొట్ల పేర్లు, పెళ్ళిళ్ళ స్వాగతాలు, బ్యాండుమేళం వాళ్ళ డోళ్ళ మీద నెమళ్ళు, అన్నీ అతని చేతివే. మనిషి మంచివాడే కాని, బొమ్మ దగ్గర మాత్రం మహా మొండి. అతని కుంచె కింద పడ్డ ఏ మొహమైనా అందంగా తేలాల్సిందే. ఓసారి ఎరువుల కొట్టు వాళ్ళు పురుగుమందు బోర్డు మీద కాయతొలిచే పురుగుని వెయ్యమంటే, దానికి కాటుక పెట్టాడు. అంత ముద్దొచ్చే దాన్ని చంపడానికి చేతులు రాక రైతులు ఆ మందు కొనడమే మానేశారు.

కిందటి చలికాలంలో కరెంటాఫీసుకి పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. అపాయం బోర్డులు తుప్పు పట్టి ఎవరికీ కనిపించడం లేదు కనుక వాటిని "ప్రజల దృష్టిని విశేషముగా ఆకర్షించు విధముగా" తిరిగి రాయించాలని. మా లైన్‌మన్ ఏసుపాదం ఆ పని సుభానీకి అప్పజెప్పాడు. ఆ సమయంలో సుభానీ కొత్తగా తెరవబోయే సెలూన్‌కి బోర్డు రాస్తున్నాడు. క్రాపులకి కలిపిన నల్లరంగు పక్కనే ఉంది, చెయ్యి మంచి ఊపు మీద ఉంది. అదే ఊపులో పుర్రె కూడా వేసేశాడు.

ఎర్రటి రేకు మీద పసుపుపచ్చటి నీడ అక్షరాల్లో "అపాయం". మధ్యలో పాలలాంటి పుర్రె. నున్నగా దువ్విన క్రాపు, పక్కపాపిడి, సన్నటి మీసకట్టు, నవ్వుతున్న పళ్ళ వరసలో ఒక బంగారు పన్ను. వెనకాల ఎముకలు రెండూ కోలాటం కర్రల్లా రంగురంగుల చారలతో అడ్డంగా దాటుకుని ఉన్నాయి.

ఏసుపాదం అది చూసి నోరు తెరిచాడు.

"చచ్చినోడికి క్రాపేంటి సుభానీ?"

"మొహం అన్నాక క్రాపు లేకపోతే ఎట్టా? బోడిగా ఉంటే ఎవరు చూస్తారు? మీ ఆఫీసోళ్ళు చూసేట్టు రాయమన్నారా లేదా?"

ఉత్తర్వులో అలాగే ఉంది కనుక ఏసుపాదం మారుమాటాడకుండా తీసుకెళ్ళి బిగించేశాడు. నిజం చెప్పొద్దూ, నాకు బాగా నచ్చింది. పొద్దున్నే మర తలుపు తీస్తూ అటు చూస్తే, "ఏం నాంచారమ్మా, వచ్చావా?" అని పలకరిస్తున్నట్టుండేది. మా ఆయన పోయాక పొద్దున్నే నన్ను నవ్వుతూ పలకరించే మొహం మరొకటి లేదు.

మాఘమాసంలో ఎవరిదో పెళ్ళికి రాజధాని నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి కారు మా వీధిలోంచి వెళుతూ సర్రున ఆగింది. పట్టు కండువా, గుండ్రటి కళ్ళజోడు. దిగినవాడు దిగినట్టే ట్రాన్స్‌ఫార్మరు ముందు కొయ్యబారిపోయాడు. కరెంటు పట్టుకుందనుకుని నేను మర లోంచి చెక్క తెడ్డు పుచ్చుకుని పరిగెత్తాను.

"తాకకండి," అన్నాడాయన చెయ్యెత్తి. "నేను అనుభూతిలో ఉన్నాను."

ఆయన పేరు డాక్టర్ విరూపాక్ష వర్ధన్. సూదిమందు డాక్టరు కాదు, చదువు డాక్టరు. ప్రభుత్వం వారు కొత్తగా నెలకొల్పిన "నిత్యజీవన చిత్రకళా సంరక్షణ సంస్థ"కి సంచాలకులు. గొప్పవాళ్ళ బొమ్మల బాగోగులు చూసుకోవడానికి చాలామంది ఉన్నారనీ, అగ్గిపెట్టె మీదా సబ్బు కాగితం మీదా బస్సు వెనకా ఉండే అందానికి మాత్రం దిక్కూ మొక్కూ లేదనీ ఈ సంస్థని పెట్టారట. మాట మంచిదే. చిన్నప్పుడు నేను కూడా అగ్గిపెట్టె బొమ్మలు దాచుకున్నదాన్నే. కాకపోతే నేను దాచుకున్నందువల్ల ఊళ్ళో ఎవరి పొయ్యీ ఆరిపోలేదు.

సుభానీని పిలిపించారు. వర్ధన్ గారు అతని రెండు చేతులూ పట్టుకున్నారు.

"మరణాన్ని ఒక మధ్యతరగతి మర్యాదస్తుడిగా మలిచారు మీరు. ఇక ఆ స్వర్ణదంతం! సంపద యొక్క అశాశ్వతత్వానికి అంతకన్నా ప్రతీక ఏముంటుంది?"

"తెల్లరంగు అయిపోయిందండి," అన్నాడు సుభానీ. "సెలూన్ బోర్డు అక్షరాలకి తెచ్చిన పసుపు మిగిలితే..."

"చూశారా వినయం!" అన్నారు వర్ధన్ గారు కారు డ్రైవరు వైపు తిరిగి.

నెల తిరక్కుండానే ఆ పుర్రెని "రక్షిత చిత్రం"గా ప్రకటించారు. వీధిలో పందిరి వేశారు. మైకు పెట్టారు. ట్రాన్స్‌ఫార్మరుకి పూలదండ వేశారు. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. మన పక్కింటి పుర్రెకి మర్యాద జరుగుతుంటే సంతోషం ఉండదూ? నా సంతోషం వర్ధన్ గారు మైకు అందుకునేదాకా నిలిచింది.

"అయితే ఒక లోపం," అన్నారాయన. "చిత్రానికీ ప్రేక్షకుడికీ నడుమ ఇనుప కంచె ఉన్నది. ఇది ఘోరమైన రసభంగం. మా సంస్థ నియమావళిని అనుసరించి, రక్షిత చిత్రాన్ని మూరెడు దూరం నుండి ఆస్వాదించే హక్కు ప్రతి పౌరునికీ కలదు."

ఆ సాయంత్రమే కంచె పీకేశారు. కరెంటాఫీసు ఏ.ఈ. త్రినాథ్ గారు చెమటలు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చారు.

"కంచె లేకుండా సప్లయ్ ఉంటే జనం మాడిపోతారండీ!"

"కావుననే ఆస్వాదన వేళల్లో విద్యుత్ సరఫరా నిలిపివేయవలసిందిగా మీ శాఖను కోరుతున్నాము," అన్నారు వర్ధన్ గారు ప్రశాంతంగా.

త్రినాథ్ గారు దున్నపోతు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం. పైనుంచి కాగితం వస్తే తనకేం అభ్యంతరం లేదన్నారు. కాగితం వచ్చింది. ఆస్వాదన వేళలు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరింటి దాకా అని తేలింది. ఏసుపాదం రోజూ తొమ్మిదింటికి వచ్చి, పుర్రెకి ఒక నమస్కారం పెట్టి, మా వీధికి కరెంటు తీసేసి పోయేవాడు.

అప్పటికి చైత్రమాసం వచ్చేసింది. ఇక్కడ నా గోడు కాస్త చెప్పాలి. పిండిమరకి ఏడాదంతా ఒక ఎత్తు, ఆవకాయ నెల ఒక ఎత్తు. బియ్యప్పిండీ శెనగపిండీ ఆడుతూ మిగతా రోజులు ఎలాగో నెట్టుకొస్తాం. కారం, ఆవపిండి ఆడే ఆ నెల్లోనే మర నిలబడేదీ, మర మీద బతికే మనిషి నిలబడేదీ. ఆ నెల పోతే వచ్చే ఏడు ఈ తలుపు నేను తీయలేను. పైగా మిరపకాయ మహా పెంకిది. మిట్టమధ్యాహ్నపు ఎండలో గలగల్లాడుతూ ఉండగానే మరలో పడాలి. పొద్దు వాలితే మా సముద్రపు గాలికి మెత్తబడుతుంది. మెత్తబడిన కాయ మరలో ముద్ద కడుతుంది, రంగు చచ్చిపోతుంది. రాత్రిపూట ఆడుకోవచ్చు కదా అని నాకు సలహా ఇచ్చినవాళ్ళంతా ఆవకాయ తినేవాళ్ళే గాని పెట్టేవాళ్ళు కారు.

వర్ధన్ గారు మా వీధి చివర ఒక గది అద్దెకు తీసుకుని శిబిర కార్యాలయం తెరిచారు. అక్కడికే వెళ్ళాను.

"బాబూ, ఆ రేకేదో ఊడదీసి మీ గదిలో తగిలించుకోండి. నా కరెంటు నాకిప్పించండి."

ఆయన రెండు చెవులూ మూసుకున్నారు.

"అమ్మా! ఇది స్థలబద్ధ కళ. కదిపితే చచ్చిపోతుంది. ట్రాన్స్‌ఫార్మరు దానికి పీఠం. స్తంభం దానికి చట్రం. మీ మర గోడ దానికి నేపథ్యం. ఆ మాటకొస్తే మీరు కూడా నేపథ్యంలో భాగమే."

"నేపథ్యానికి ఆకలేస్తుందండి."

"అది కూడా సహజత్వానికి దోహదం చేస్తుంది," అన్నారు మెచ్చుకోలుగా.

ఎద్దు పుండు కాకికి నొప్పా అని ఊరికే అనలేదు పెద్దలు. తిరిగొచ్చేశాను.

ఇంతకీ ఆ పుర్రెని చూడ్డానికి ఎవరైనా వస్తున్నారా అంటే, మొదటి వారం వచ్చారు. తర్వాత ఎవరొస్తారు? ఊళ్ళోవాళ్ళకి లేస్తే కనిపించే మొహమే. ప్రేక్షకులు లేకుండా ఆస్వాదన వేళలు గడవడం సంస్థకి తలవంపులని, బడిపిల్లల్ని తరగతుల వారీగా తోలుకొచ్చి నిలబెట్టారు. బడికి సెలవులివ్వగానే రేషను కొట్టు ముందు వరసలో ఉన్నవాళ్ళని ఇటు తిప్పి నిలబెట్టారు. ఎటు తిరిగి నిలబడితే ఏముంది, కరెంటు లేక ఆ కొట్లో మిషనూ పనిచెయ్యడం లేదు.

ఊరంతా ఎండు మిరపకాయల వాసనతో ఉంది గాని ఒక్క చిటికెడు కారం లేదు. ఆడవాళ్ళు మధ్యాహ్నం పూట వేడివేడి మిరపకాయల సంచులు నెత్తిన పెట్టుకుని రావడం, చల్లటి మరని చూసి వెనక్కి పోవడం.

"నాంచారమ్మత్తా, ఇవాళైనా ఆడుద్దా?" అని అడిగేది మా వీధి సుగుణ. "తెచ్చిన మామిడికాయలు పండుబారిపోతన్నాయి. ఇంకో నాలుగు రోజులు పోతే ఆవకాయ కాదు, రసం తీసుకోవాలి."

"నన్నడుగుతావేంటే, అదిగో ఆ పుర్రెని అడుగు," అనేదాన్ని.

అది మాత్రం బంగారు పన్ను చూపిస్తూ నవ్వేది. కొంతమంది ఆటోలు మాట్లాడుకుని పక్కూరి మరకి పోవడం మొదలుపెట్టారు. నా గుమ్మం ముందునుంచే పోయేవాళ్ళు, మొహం చాటేసుకుని. వాళ్ళ తప్పు లేదు. కాని ఆ ఆటో చప్పుడు వింటే మాత్రం నేను లేచి లోపలికి పోయేదాన్ని.

ఇలా ఉండగా రాజధాని నుంచి నిపుణుల సంఘం తనిఖీకి వచ్చింది. దానికి అధ్యక్షుడు ఒక ముసలాయన. ముక్కుపొడుం పీలుస్తాడు, పీల్చనప్పుడు సత్యం గురించి మాట్లాడతాడు. అందరూ ఆయన్ని పెద్దాయన అనేవారు. తాడిని తన్నేవాడి తలదన్నేవాడు ఉంటాడని, వర్ధన్ గారంతటివారు కూడా ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. పెద్దాయన పుర్రెని చాలాసేపు చూసి, త్రినాథ్ గారిని పిలిచాడు.

"ఇప్పుడు దీనిలో విద్యుత్తు ఉన్నదా?"

"లేదండి."

"అనగా అపాయం లేదు?"

"చుక్క కూడా లేదండి. ఉయ్యాల కట్టుకుని ఊగొచ్చు."

"మరి అపాయం అని రాసి ఉన్నదేమి?"

పెద్దాయన ఒక పట్టు పొడుం పీల్చాడు.

"ప్రభుత్వ ముద్ర కలిగిన రక్షిత చిత్రం పట్టపగలు ప్రజలకు అబద్ధం చెబుతున్నది. సత్యం లేని చోట సుందరం ఎక్కడిది? చిత్రమందలి అక్షరం అక్షరాలా నిజం కావలెను. ఇది సంస్థ మౌలిక సూత్రం."

గుంపులోంచి ముందుకు తోసుకొచ్చాను.

"అయితే కరెంటు ఇచ్చెయ్యండి బాబూ! నిజమైపోద్ది!"

"ఆస్వాదకులు మరణించినచో ఆస్వాదన కుంటుపడును," అన్నారు వర్ధన్ గారు. ఆ ముక్క కూడా సబబుగానే ఉందని సంఘం ఒప్పుకుంది. తలుపులు వేసుకుని కూర్చుని, సాయంత్రానికి ఒక తీర్మానం చేశారు. ట్రాన్స్‌ఫార్మరు వద్ద లోపించిన అపాయాన్ని, ప్రాణహాని కలిగించని "ప్రత్యామ్నాయ అపాయం" ద్వారా భర్తీ చేయవలెను.

ఊళ్ళో ప్రత్యామ్నాయ అపాయం కోసం వెతికారు. ఏసుపాదం బావమరిదికి ఒక గేదె ఉంది, పొడుస్తుందని పేరు. పశువుల డాక్టరు వచ్చి, దూరం నుంచే చూసి, అపాయకరమేనని రాసిచ్చి పోయాడు. దాన్ని తెచ్చి స్తంభానికి కట్టేశారు. అది మొట్టమొదట ట్రాన్స్‌ఫార్మరు మెళ్ళో ఎండిపోయిన దండ తినేసింది. తర్వాత పడుకుని నెమరు వేసింది. పెద్దాయనకి అనుమానం వచ్చింది, ఇందులో కూడా సత్యం ఉన్నట్టు లేదని. దగ్గరకెళ్ళి వంగి చూశాడు. అది లేచి, ఆయన పంచె కొమ్ముకి తగిలించుకుని వీధి మొగదాకా తీసుకెళ్ళింది.

"సత్యం స్థాపితమైనది," అన్నాడాయన, పంచె ఒకచోటా తాను ఒకచోటా ఉండి. ఆయన మాట మీద నిలబడే మనిషని అప్పుడే నాకు తెలిసింది.

అయితే గేదె పొడుస్తుందని ముందుగా జనానికి తెలియజెయ్యాలి కదా. ఒక హెచ్చరిక బోర్డు కావాలన్నారు త్రినాథ్ గారు. ఊళ్ళో బోర్డులు రాసేది ఒక్కడే. "గేదె పొడుచును" అని రాసి, కింద గేదె బొమ్మ వేశాడు సుభానీ. రెండు కొమ్ములకీ ఎర్ర కుచ్చులు, ముక్కుకి రాళ్ళ ముక్కుపుడక, కొంగు చాటున నవ్వుతున్నట్టు ఓరచూపు. కొత్త కోడలు కాపురానికి వస్తున్నట్టుంది. వర్ధన్ గారు చూశారు. ఊపిరి పీల్చుకోవడానికి కూడా ఆగకుండా రక్షిత చిత్రంగా ప్రకటించారు.

ఇక కొత్త చిక్కు. గేదె బోర్డుని మూరెడు దూరం నుంచి ఆస్వాదించే హక్కు పౌరునికి ఉంది. గేదె ఉండగా అది కుదరదు. కనుక ఆస్వాదన వేళల్లో గేదెని తొలగించారు. దాంతో పుర్రె చెప్పేది మళ్ళీ అబద్ధమైపోయింది, గేదె బోర్డు చెప్పేది కొత్తగా అబద్ధమైపోయింది. ఈ రెండో అపాయానికి ప్రత్యామ్నాయం ఏమిటో తేల్చడానికి ఉపసంఘం వేశారు. కందిరీగల పట్టు ఎక్కడైనా దొరుకుతుందా అని నన్నే అడిగారు. గేదె మాత్రం నా మర వెనకాల నీడన పడుకుని, సర్కారు తవుడు తింటూ, ఊళ్ళో ఎవరూ లేనంత సుఖంగా ఉంది.

ఆ మధ్యాహ్నం నేను చీకటి మరలో ఒక్కదాన్నే కూర్చుని ఉంటే సుభానీ వచ్చాడు.

"అక్కా, మా ఇంటిది మిరపకాయలు ఎండబోసింది. ఎప్పుడు ఆడతావు?"

నాకు ఒళ్ళు మండిపోయింది.

"నీ కుంచె విరిచి పొయ్యిలో పెట్టిన రోజున! ఎవడు వెయ్యమన్నాడయ్యా పుర్రెకి క్రాపు? ఒక్కటంటే ఒక్కటి, వికారంగా ఉండే బొమ్మ వెయ్యలేవా నువ్వు?"

అతను చిన్నబుచ్చుకున్నాడు.

"ఎయ్యాలని చూశానక్కా. నీ బాధ చూసి రాత్రి కూర్చుని ఆ పుర్రెనే మళ్ళీ ఒక అట్ట మీద వికారంగా ఎయ్యబోయాను. చెయ్యి మాట వినలా. ఇదివరకటి కంటే బాగొచ్చింది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వికారంగా వెయ్యడం రాదు. ఏది వేసినా రక్షిస్తారు. రక్షించిందల్లా నిజం కావాలంటారు. ఆ మూడు మాటలూ నా బుర్రలో మరరాయిలా తిరిగాయి. తిరిగి తిరిగి చివరికి పిండి రాలింది.

"సుభానీ, నా మరకి బోర్డు లేదు తెలుసా? మర చప్పుడే బోర్డని మా ఆయన రాయించలేదు. ఒకటి రాసిపెట్టు. నీకెంత బాగా చేతనైతే అంత బాగా రాయి."

"ఏమని?"

"మర ఆడుతోంది, రండి, అని."

"ఆడటల్లేదుగా అక్కా?"

"అది చూసుకోవాల్సింది నువ్వూ నేనూ కాదు."

రెండు రోజులు ఇంట్లోంచి బయటికి రాకుండా రాశాడు. నల్లటి రేకు మీద నిలువెత్తు ఎర్ర మిరపకాయ, నడుం మీద చేతులు వేసుకుని, తొడిమని తలపాగాలా పక్కకి వంచి, మెలితిప్పిన మీసంతో ఠీవిగా నిలబడి ఉంది. కళ్ళలో చిలిపితనం. చుట్టూ అక్షరాలు నిప్పురవ్వల్లా ఎగురుతున్నాయి. అది చూస్తే ఆకలి లేనివాడు కూడా అన్నం కలుపుకుంటాడు. నేను ఎందుకు రాయించానన్న సంగతి కూడా ఒక్క నిమిషం మరిచిపోయి, అలా చూస్తూ ఉండిపోయాను.

గుమ్మం మీద తగిలించామో లేదో, వర్ధన్ గారు అటుగా వచ్చారు. స్తంభం పట్టుకుని నిలదొక్కుకున్నారు. తెల్లారేసరికి అది రక్షిత చిత్రం. ఎండెక్కేసరికి పెద్దాయన నా గుమ్మం ముందు ఉన్నాడు.

"మర ఆడుతోంది అని ఉన్నది. ఆడుతున్నదా?"

"లేదండి. కరెంటు లేదు కదా. పాపం ప్రభుత్వం వారు మూడోసారి అబద్ధం ఆడుతున్నారు," అన్నాను నేను, ఎంతో విచారంగా.

పెద్దాయన మొహం మాడిపోయింది. వర్ధన్ గారు ముందుకొచ్చారు.

"ప్రత్యామ్నాయ చలనం ఏర్పాటు చేయవచ్చు. గేదె ఖాళీగానే ఉన్నది. దానిని కట్టి తిప్పించినచో..."

"గేదె తిప్పితే అది గానుగండి, మర కాదు," అన్నాను. "బోర్డు మీద మర అని ఉంది."

పెద్దాయన పొడుం పీల్చి నా వైపు గౌరవంగా చూశాడు. సత్యం అంటే ప్రాణం పెట్టే మనిషి కదా. అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చాడు. మర ఆడవలెను. ఆడుటకు విద్యుత్తు కావలెను. ఆస్వాదన వేళలన్నిటా సరఫరా ఉండితీరవలెను.

"కంచె లేదు కదండీ! జనం పోతారండీ!" అని త్రినాథ్ గారు మళ్ళీ చెమటలు కక్కారు.

పెద్దాయన కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించాడు. అందరం ఆయన పెదవులే చూస్తున్నాం.

"నాకొకటి స్ఫురిస్తున్నది. లోపల విద్యుత్తు ఉంచి, చుట్టూ కంచె నిర్మించి, దానిపై అపాయం అను చిత్రాన్ని ఉంచినచో, సత్యమూ భద్రతా రెండూ సిద్ధించును."

వర్ధన్ గారు ఆనందం పట్టలేక కౌగిలించుకోబోయి, హోదా గుర్తొచ్చి ఆగారు. ఇటువంటి ఆలోచన ఇంతవరకు ఏ దేశంలోనూ ఎవరికీ రాలేదన్నారు. త్రినాథ్ గారు ఈ పద్ధతిని మిగతా ట్రాన్స్‌ఫార్మర్లకి కూడా పరిశీలిస్తామన్నారు. పొద్దు గూకేలోపు కంచె వచ్చింది.

మర్నాడు తొమ్మిదింటికి ఏసుపాదం సప్లయ్ తియ్యలేదు. మధ్యాహ్నం నేను స్విచ్చి వేశాను. బెల్టు ఒకసారి మూలిగి, తర్వాత దాని పాత పాట అందుకుంది. సుగుణ అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చింది. వెనకాల వీధి వీధంతా, నెత్తిన గలగల్లాడే సంచులతో. పక్కూరికి పోతున్న ఆటో ఒకటి మధ్యలో మనసు మార్చుకుని వెనక్కి తిరిగింది. గొట్టంలోంచి మొదటి ఎర్రటి కారం జారి డబ్బాలో పడుతుంటే, నా మరా నేనూ బతికామనుకున్నాను.

సరిగ్గా అప్పుడు సంఘం వారు ఆస్వాదనకి విచ్చేశారు. నియమం ప్రకారం గుమ్మం ముందు, బోర్డుకి మూరెడు దూరంలో, మొహాలు పైకెత్తి నిలబడ్డారు. కారం మర ఆడుతున్నప్పుడు గుమ్మంలో నిలబడకూడదని ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. వీళ్ళకి చెబుదామనుకున్నాను గాని, నియమావళిలో తలదూర్చడం మర్యాద కాదని ఊరుకున్నాను.

ముందుగా వర్ధన్ గారి కళ్ళజోడు కింద నుంచి ధార మొదలైంది. "ఎంత... ఎంత సజీవ..." అని, "హాచ్" అని, కండువా నోట్లో కుక్కుకున్నారు. మిగతా సభ్యులు ఒకరి మీద ఒకరు పడి భోరున ఏడ్చారు. పొడుం అలవాటు ఉండడం వల్ల పెద్దాయన అందరికంటే ఎక్కువసేపు తట్టుకున్నాడు. చివరికి ఆయన కూడా, "సత్యం చాలా ఘాటుగా ఉన్నది," అని కూలబడ్డాడు.

ఆ సాయంత్రమే వాళ్ళు నివేదిక రాసి, ఎర్రటి కళ్ళతో రాజధాని బండెక్కారు. చిత్రమును వీక్షించిన సభ్యులందరూ కన్నీరుమున్నీరైరి అనీ, ఇంతటి రసానుభూతిని సామాన్య పౌరుని దేహం తట్టుకోజాలదనీ, కావున ఇకమీదట ఆస్వాదకులెవరూ వీధి మొగ దాటి ఈ చిత్రం దరికి రారాదనీ. వెళుతూ వెళుతూ, ఎవరూ బొమ్మని ఆస్వాదించకుండా కాపలా కాయడానికి ఏసుపాదాన్ని కరెంటాఫీసు నుంచి అరువు తీసుకుని నా గుమ్మంలో నిలబెట్టారు.

"మరి మిరపకాయలు తెచ్చేవాళ్ళ సంగతేంటండీ?" అని అడిగాను, బండి కదలబోతుంటే.

"వారు ఆస్వాదకులా?" అన్నారు వర్ధన్ గారు ముక్కు తుడుచుకుంటూ.

"కాదండీ, ఆడించుకునేవాళ్ళు."

"అయితే చిత్రం తమకు నచ్చలేదని కాపలాదారు సమక్షంలో నోటితో ప్రకటించి లోనికి వెళ్ళవచ్చును."

మా ఆడవాళ్ళకి అది ఒక లెక్కా? "నచ్చలేదు బాబూ," అనేసి లోపలికి వచ్చేవాళ్ళు. రెండో రోజుకి అదొక ఆట అయిపోయింది. "ఛీ, ఇదీ ఒక బొమ్మేనా," అని ఒకరంటే, "నా పెళ్ళినాటి మా ఆయన మీసమే నయం," అని సుగుణ. నవ్వుకుంటూ వచ్చేవాళ్ళు, పైకి చూసి ఆ మిరపకాయకి ఒక కన్ను గీటి మరీ వచ్చేవాళ్ళు. ఏసుపాదం అందరికీ తల ఊపి వదిలేసేవాడు. మర పొద్దుగూకులూ ఆడింది. ఊరంతా కొత్తావకాయ వాసన.

ఆఖర్న సుభానీ వచ్చాడు, భుజం మీద మిరపకాయల సంచితో. మిట్టమధ్యాహ్నం, ఎండ నిప్పులు చెరుగుతోంది.

"ఆ ముక్క చెప్పేసి లోపలికి పో," అన్నాడు ఏసుపాదం.

"ఏ ముక్క?"

"నచ్చలేదని."

సుభానీ తలెత్తి బోర్డు చూశాడు. చాలాసేపు చూశాడు.

"మీసం చివర కాస్త లావొచ్చింది," అన్నాడు.

"అంటే నచ్చనట్టే కదా? పద."

"కాదు ఏసుపాదం. ఆ లావులోనే ఉంది సొగసంతా."

"ఒరే, మీ ఇంటిది ముక్కలు కోసి పెట్టుకుని కూర్చుందంట. ఆవకాయ పెట్టుకోవా ఏంటి ఈ ఏడు? ఒక్క మాట అనేసెయ్. ఎవరూ వినరు."

"అది వినదూ?" అన్నాడు సుభానీ, మిరపకాయని చూపించి.

సంచి దించలేదు, మాటా అనలేదు. ఎండలో అలాగే నిలబడ్డాడు. నాకు లోపల నిలవబుద్ధి కాలేదు. గడప దాటి వచ్చి అతని భుజం మీది సంచి అందుకున్నాను. వెనక్కి తిరిగేసరికి ఏసుపాదం నీళ్ళు నములుతూ అడ్డంగా ఉన్నాడు.

"నాంచారమ్మ గారూ... మీరు బయటికొచ్చేశారు. మళ్ళీ లోపలికి పోవాలంటే... రూలు కదండీ."

నా మర. నా గుమ్మం. లోపల రాయి తిరుగుతోంది. నచ్చలేదు అన్న మాట ఎంతసేపు? నోరు తెరిచాను. పైన మిరపకాయ నడుం మీద చేతులు వేసుకుని నా వంకే చూస్తోంది. పక్కన సుభానీ కూడా నా వంకే చూస్తున్నాడు. నా బతుకు నిలబెట్టిన బొమ్మ అది. నోరు మూసేశాను.

ఏసుపాదం అటు చూశాడు, ఇటు చూశాడు. మా ఇద్దరి మొహాలూ చూశాడు. గట్టిగా గొంతు సవరించుకున్నాడు.

"నాకైతే బొత్తిగా నచ్చలేదు," అని వీధంతా వినబడేట్టు ప్రకటించి, నా చేతిలో సంచి లాక్కుని, కాపలా వదిలేసి తానే లోపలికి పోయి మరలో పోశాడు.

అతను ఆడించుకొచ్చేదాకా మేమిద్దరం ఆ గుమ్మం ముందు, రూలుకి విరుద్ధంగా, మూరెడు దూరంలో నిలబడి ఆ బొమ్మని చూస్తూ ఉండిపోయాం.

"బాగొచ్చింది కదక్కా?" అన్నాడు సుభానీ.

"బాగొచ్చిందయ్యా," అన్నాను.

ఇద్దరికీ కళ్ళ వెంట ధారగా నీళ్ళు కారుతున్నాయి. కారం మర మరి.